తెలియని పుట్టగొడుగు కనిపిస్తే: మొదలుతో సహా తవ్వి పేరు పట్టుకునే పద్ధతి

మృగశిర కార్తెలో రెండు గట్టి వానలు పడితే చాలు, మన దిక్కు నేలంతా పుట్టగొడుగులు లేస్తాయి. ములుగు, తాడ్వాయి వైపు రోడ్డు పక్కన ఆకుల్లో కుప్పలు పోసి అమ్ముతుంటారు. చెలకలో పుట్ట మీద, పెరట్లో గడ్డివాము అడుగున, హనుమకొండ అపార్టుమెంట్ల ముందు పెంచిన పచ్చికలో, తేమ ఎక్కడ నిలిస్తే అక్కడ ఏదో ఒకటి కనిపిస్తుంది. కనిపించగానే ఫోన్ తీసి పైనుంచి ఒక ఫొటో కొట్టి, వాట్సాప్‌లో పెట్టి, "ఇది తినొచ్చా?" అని అడుగుతారు. అవతలివాళ్లు అర నిమిషంలో "తినొచ్చు, మా ఊళ్లో ఇవే వండుకుంటాం" అని రాసేస్తారు.

ఆ జవాబును నమ్మి ప్రాణం మీదికి తెచ్చుకోకండి. పైనుంచి తీసిన ఫొటోలో పుట్టగొడుగు గురించి తెలియాల్సినదాంట్లో సగం కూడా కనపడదు. అసలు "తినొచ్చా" అనేది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. ముందు అడగాల్సింది "ఇదేంటి, దీని పేరేంటి?" అని. విషమున్న పుట్టగొడుగులన్నిటికీ ఉమ్మడిగా ఒక గుర్తంటూ లేదు. ఒక్కోదాన్ని విడిగా, పేరుతో గుర్తుపట్టాల్సిందే. పేరు తేలనిది పొయ్యి మీదికి పోకూడదు. నేను చెప్పబోయేదంతా పేరు పట్టుకోవడం గురించే. దీన్ని చదివి ఏ పుట్టగొడుగునూ వండుకోకండి.

ముందు ఈ పరీక్షల్ని పక్కన పెట్టండి

కూరలో వెండి పట్టీ వేస్తే నల్లబడుతుందని, ఎల్లిపాయ వేస్తే రంగు మారుతుందని, బియ్యం ఎర్రబడితే విషమని చాలా ఇళ్లలో చెప్పుకుంటారు. వీటిలో ఒక్కటీ పనిచేయదు. ప్రాణం తీసే పుట్టగొడుగుల్లో ఉండే అమాటాక్సిన్ అనే విషానికీ వెండి నల్లబడటానికీ ఏ సంబంధమూ లేదు.

"పురుగులు తిన్నాయి కాబట్టి మంచిదే" అనే మాట ఇంకా ప్రమాదం. మనిషిని చంపే పుట్టగొడుగును నత్తలు, పురుగులు హాయిగా తింటాయి. వాటి ఒంటి తీరు వేరు, మన కాలేయం తీరు వేరు. "రంగురంగులవి విషం, తెల్లవి మంచివి" అనేది మరో నమ్మకం. ప్రపంచంలో అందరూ అన్నిటికంటే ఎక్కువ భయపడే అమానిటా అనే పుట్టగొడుగుల జాతిలో పాలలాంటి తెలుపున్నవీ ఉన్నాయి, వాటిలో ఒక్క పుట్టగొడుగు పెద్దమనిషి ప్రాణం తీయగలదు.

"బాగా ఉడకబెట్టి, నీళ్లు పారబోసి, పసుపూ చింతపండూ వేస్తే విషం పోతుంది" అనేది అన్నిటికంటే చెడ్డది. అమాటాక్సిన్ ఉడికించినా, ఎండబెట్టినా, ఫ్రిజ్‌లో పెట్టినా చెక్కుచెదరదు. పైగా కూర రుచిగానే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది తేయాకు తోటల కూలి కుటుంబాలవాళ్లు. రోజూ అడవి అంచున బతికేవాళ్లకే అలా జరిగింది. పాత అలవాటు ఒక్కటే మనిషిని కాపాడదు.

వెంట తీసుకెళ్లాల్సినవి

వెడల్పాటి బుట్ట, నాలుగైదు కాగితపు సంచులు లేదా పాత పేపరు, చిన్న కత్తి, తవ్వడానికి ఏదైనా మొనదేలిన ఇనుప ముక్క, పెన్ను, స్కేలు. చిన్న అద్దం ఒకటి ఉంటే ఇంకా మంచిది. టోపీ కిందికి పెట్టి చూస్తే పీకకుండానే అడుగు భాగం తెలుస్తుంది. పాలిథిన్ కవరు మాత్రం వద్దు. అందులో పుట్టగొడుగు చెమటపట్టి గంటల్లో కుళ్లిపోతుంది, గుర్తులన్నీ పోతాయి.

చేత్తో ముట్టుకుంటే విషం ఎక్కదు. ఆ భయం అక్కర్లేదు. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. నిజంగా భయపడాల్సింది పాములకు. వానలకు బొరియల్లోకి నీళ్లొచ్చి పుట్టల్లోంచి, రాళ్ల సందుల్లోంచి పాములు, తేళ్లు బయటికొచ్చే కాలమిది. పుట్ట దగ్గరికి పోతే ముందు కట్టెతో చుట్టూ తట్టండి. బొరియలో చెయ్యి పెట్టకండి. కాళ్లకు బూట్లుండాలి.

ఇంకొక సంగతి. పాకాల, ఏటూరునాగారం, కవ్వాల లాంటి అభయారణ్యాల్లో అటవీశాఖ అనుమతి లేకుండా ఏదీ తెంపడం చట్టం ఒప్పదు. అక్కడ ఫొటోలు తీసుకుని వచ్చేయండి. నేర్చుకోవడానికి మీ చెలక గట్టు, ఊరి చెరువు కట్ట, ఇంటి వెనక పెరడు చాలు.

పీకకముందు చుట్టూ చూడండి

అది దేని మీద మొలిచిందో ముందు రాసుకోండి. మట్టిలోనా, చచ్చిన మొద్దు మీదా, పెంటకుప్ప మీదా, కుళ్లిన వరిగడ్డి మీదా, పుట్ట మీదా? ఈ ఒక్క సంగతితోనే సగం పేర్లు పక్కకు పోతాయి. పుట్టగొడుగు తన తిండి ఉన్నచోటనే లేస్తుంది. కట్టెను తినేది కట్టె మీద, పేడను తినేది పేడ మీద. మట్టిలో మొలిచినట్టు కనిపించినా కింద పాతుకుపోయిన వేరో, మొద్దో ఉండొచ్చు. కొంచెం గీరి చూస్తే తెలుస్తుంది.

తర్వాత పక్కన ఏ చెట్లున్నాయో చూడండి. కొన్ని పుట్టగొడుగులు చెట్ల వేర్లతో పొత్తు పెట్టుకుని బతుకుతాయి. చెట్టు చక్కెర ఇస్తుంది, ఇవి నేలలోంచి నీళ్లూ పోషకాలూ తెచ్చిస్తాయి. అమానిటాల్లో చాలామటుకు ఇలాంటివే. జామాయిల్, సరుగుడు వేర్లతో ఇలాంటి పొత్తు కుదురుతుంది. టేకు వేర్లకు ఉండే పొత్తు వేరే రకం, అందులో గొడుగులు రావు. అందుకే ఒక పుట్టగొడుగు జామాయిల్ తోటలో దొరికిందా, టేకు ప్లాంటేషన్‌లో దొరికిందా అనేది రాసుకోవాల్సిన విషయమే.

ఒంటరిగా ఉందా, గుంపుగా ఉందా, ఒకే మొదలు నుంచి గుత్తిగా లేచిందా, వలయంగా మొలిచాయా అన్నది కూడా చూడండి. ఏ కార్తె, వాన పడి ఎన్ని రోజులైంది అనేవి కూడా రాసిపెట్టండి.

ఇప్పుడు ఫొటోలు. పైనుంచి ఒకటి, నేలమట్టానికి ఫోన్ దించి పక్కనుంచి ఒకటి, అద్దంతోనో పడుకునో అడుగు భాగానిది ఒకటి, చుట్టుపక్కల చోటంతా కనిపించేలా ఒకటి. పక్కన స్కేలు పెట్టండి. ఫ్లాష్ వేయకండి, రంగులు మారిపోతాయి.

మొదలుతో సహా తవ్వండి

ఈ ఒక్క పని ఎవరూ చేయరు, అసలు పని మాత్రం ఇదే. కాడ పట్టుకుని లాగితే మొదలు మట్టిలోనే తెగిపోతుంది. కత్తితో నేలకు సమంగా కోస్తే మరీ అన్యాయం. ప్రాణాంతకమైన అమానిటాను పట్టిచ్చే గుర్తు నేల లోపలే ఉంటుంది. మీరు కోసి తెచ్చిన ముక్కలో అది ఉండదు.

కాడకు జానెడు దూరం నుంచి తవ్వుకుంటూ రండి. మట్టిని వేళ్లతో నెమ్మదిగా విడదీయండి. మొదలు దగ్గర చూడాల్సినవి మూడు.

మొదటిది, సంచి. కాడ అడుగున తెల్లటి పొర ఒకటి వదులుగా చుట్టుకుని ఉందా? పుట్టగొడుగు చిన్నప్పుడు ఆ పొర లోపల మూసుకుని ఉంటుంది. ఎదిగేటప్పుడు దాన్ని చింపుకుని పైకి వస్తుంది, చిరిగిన పొర కిందనే మిగులుతుంది. అమానిటాలకు ఈ సంచి ఉంటుంది. కొన్నిటికి నిండు సంచి ఉండదు, ఉబ్బిన మొదలు మీద పొలుసుల వలయాలుగా, మట్టి అంటుకున్న పొడిగా మిగులుతుంది. అందుకే కడగకుండా చూడాలి, నీళ్లు పోస్తే అది కాస్తా కరిగిపోతుంది.

మన గడ్డివాముల దగ్గర మొలిచే వరిగడ్డి పుట్టగొడుగుకు కూడా సంచి ఉంటుంది. తినడానికి పెంచే రకమే అది. ఆ పోలికే ఎందరినో బలి తీసుకుంది. ఆగ్నేయాసియా నుంచి అమెరికా వెళ్లి స్థిరపడినవాళ్లు అక్కడి అడవిలో అమానిటాను చూసి, మా ఊరి వరిగడ్డి పుట్టగొడుగే అనుకుని తిని ఆసుపత్రుల పాలయ్యారు. ఒక ఊళ్లో నేర్చుకున్న గుర్తు మరో ఊళ్లో మోసం చేస్తుంది. ఆదిలాబాద్ నుంచి వచ్చి వరంగల్‌లో ఉంటున్నా, వరంగల్ నుంచి ఉద్యోగానికి ఉత్తరాదికి పోయినా ఇదే జాగ్రత్త ఉండాలి.

రెండోది, వేరులాంటి తోక. అసలైన పుట్ట మీది పుట్టగొడుగుల్ని తవ్వితే కాడ అడుగున ఆగదు. సన్నబడుతూ, మట్టిలోకి జానెడు, మూరెడు దిగిపోతూనే ఉంటుంది. ఓపిగ్గా దాని వెంట పోతే చెదలు కట్టుకున్న గూటిలో తేలుతుంది. చెదపురుగులు ఎండుటాకునీ కట్టెనీ నమిలి తెచ్చి అక్కడ మెత్తటి గడ్డగా పేర్చి, దాని మీద ఈ పుట్టగొడుగు బూజును సాగు చేస్తాయి. పురుగు అరిగించుకోలేని పీచును బూజు మెత్తబరుస్తుంది, బూజును పురుగు తింటుంది. టర్మిటోమైసెస్ అనే ఈ జాతి చెదల గూడు లేనిచోట బతకదు. మనుషులు షెడ్లలో పెంచుకోలేకపోవడానికి కారణమూ అదే. గూటిదాకా ప్రతిసారీ తవ్వాల్సిన పనిలేదు. తోక లోపలికి పోతోందని తేలితే చాలు, ఆపేసి మట్టి కప్పేయండి. గూడు పాడైతే వచ్చే ఏడు అక్కడ ఏమీ లేవదు.

మూడోది, పూర్తిగా విచ్చుకోకుండా మూసుకుని ఉన్న మొగ్గలు. గుండ్రంగా తెల్లగా ఉన్న మొగ్గ దొరికితే నిలువునా కోసి చూడండి. లోపల అంతా ఒకేలా గట్టిగా తెల్లగా ఉందా, లేక చిన్న టోపీ, కాడ, మొప్పల (టోపీ కింది రేకుల) ఆకారం గీసినట్టు కనిపిస్తోందా? ఆకారం కనిపిస్తే అది విచ్చుకోని గొడుగు, అమానిటా కూడా కావచ్చు. కోయకుండా బయటినుంచి చూసి ఈ తేడా ఎవరూ చెప్పలేరు.

టోపీ, మొప్పలు, కాడ

ఇంటికొచ్చాక వెలుతురులో కూర్చుని ఒక్కొక్కటీ చూస్తూ రాసుకోండి. టోపీ వెడల్పెంత, మధ్యలో మొన ఉందా, పొలుసులున్నాయా, అవి గీరితే రాలిపోతాయా, అంచు నిలువునా చీలిందా. టర్మిటోమైసెస్ టోపీకి నడిమధ్యన గట్టి మొన ఉంటుంది, మట్టిని చీల్చుకుని పైకి రావడానికి. విచ్చుకున్నాక అంచులు చీలికలుగా విడిపోవడం కూడా దాంట్లో మామూలే.

కింద సన్నని రేకుల్లా ఉండే మొప్పల్ని కాడ దగ్గర చూడండి. కాడను తాకకుండా ఆగిపోయాయా, అతుక్కున్నాయా, కాడ మీదుగా కిందికి పాకాయా? కొన్నిటికి మొప్పలకు బదులు సూది బెజ్జాలు ఉంటాయి. మొప్పల రంగు రాసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: చిన్నప్పుడు తెల్లగా ఉన్నవి ముదిరాక గులాబీ, ఆకుపచ్చ, నలుపు, ఏ రంగుకైనా మారొచ్చు. అందుకే వీలైతే ఒకే చోటి లేతదీ ముదురుదీ రెండూ తెచ్చుకోవాలి.

కాడ చుట్టూ ఉంగరంలాంటి పొర ఉందా, అది పైకీ కిందికీ కదులుతుందా చూడండి. కాడను అడ్డంగా కోసి ఐదు నిమిషాలు ఆగి రంగు మారుతుందేమో గమనించండి. పాలు కారతాయేమో, వాసన ఎలా ఉందో రాయండి. నాలుక మీద పెట్టి చూడటం మాత్రం వద్దు.

రాత్రికి ముద్ర పెట్టండి

మొప్పల రంగు మోసం చేయొచ్చు, వాటినుంచి విత్తనాల్లా రాలే సిద్ధబీజాల రంగు చేయదు. ఒక్కొక్కటిగా చూస్తే అవి కంటికి కనపడవు. లక్షల్లో రాలి ఒకచోట పడితే రంగు తేలుతుంది. ఇంట్లో ఏ పరికరమూ లేకుండా చేయగలిగిన అసలైన పరీక్ష ఇదొక్కటే.

విచ్చుకున్న టోపీ ఒకటి తీసుకుని కాడను మొప్పల దాకా కోసేయండి. ఒక తెల్ల కాగితం, ఒక నల్ల కాగితం పక్కపక్కన పెట్టి, సగం దాని మీద, సగం దీని మీద పడేలా మొప్పలు కిందికి వచ్చేట్టు టోపీని ఉంచండి. తెల్లటి బీజాలు తెల్ల కాగితం మీద కనపడవు, అందుకే నల్లది. మరీ ఎండినట్టుంటే టోపీ మీద ఒక్క నీటిచుక్క వేయండి. పైన గిన్నె బోర్లించి, గాలి తగలని మూల, పిల్లలకూ పిల్లికీ అందనిచోట వదిలేయండి. వంటగదిలో వద్దు. ఆ కాగితం, గిన్నె తర్వాత దేనికీ వాడకండి, కనీసం గిన్నెను బాగా కడిగే దాకా.

తెల్లారి గిన్నె తీసి టోపీని పైకి లేపితే, మొప్పల గీతలన్నీ ముగ్గుపొడి జల్లినట్టు కాగితం మీద దిగి ఉంటాయి. మొదటిసారి చూసినవాళ్లెవరూ మరిచిపోరు. కిటికీ వెలుతురులో రంగు చూసి వెంటనే రాసుకోండి. టర్మిటోమైసెస్, వరిగడ్డి పుట్టగొడుగు గులాబీ రంగు ముద్ర వేస్తాయి. అమానిటాలు, లెపియోటాలు (పొలుసుల టోపీలున్న చిన్నవి, వీటి సంగతీ కింద చెబుతాను) తెల్లది. మార్కెట్లో దొరికే బటన్ పుట్టగొడుగు జాతివి చాక్లెట్ గోధుమ. సిరాలా కరిగిపోయేవి నలుపు. ఆకుపచ్చ పడితే అది ఏమిటో దాదాపు తేలిపోయినట్టే, దాని సంగతి కింద చెబుతాను.

గులాబీ పడింది కదా అని సంబరపడకండి. ఎంటొలోమా అనే జాతిది కూడా గులాబీయే, అందులో విషమున్నవి ఉన్నాయి. తేడా ఏమిటంటే వాటి మొప్పలు కాడకు అతుక్కుని ఉంటాయి, టర్మిటోమైసెస్‌వి అతుక్కోవు. ఏ గుర్తూ ఒంటరిగా సాక్ష్యం చెప్పదు. చోటు, మొదలు, మొప్పలు, ముద్ర అన్నీ ఒకే పేరు చెప్పాలి. ఒక్కటి అడ్డం తిరిగినా పేరు తప్పే.

మన దిక్కు ఎదురయ్యేవి కొన్ని

పుట్ట మీద పెద్ద గొడుగులు లేచి, మధ్యలో మొన, కింద తోక, గులాబీ ముద్ర ఉంటే టర్మిటోమైసెస్ వైపు చూడండి. దాంట్లోనే ఒక చిట్టి రకం ఉంది, టోపీ గోరంత. చెదలు పాత గూటి పదార్థాన్ని బయటికి తెచ్చి పోసినచోట వందల్లో ఒకేసారి నేలంతా పరుచుకుంటుంది. దీన్ని తవ్వితే పొడుగాటి తోక కనపడదు.

అయితే పుట్ట మీద లేచిందల్లా టర్మిటోమైసెస్ కాదు. పొడిగా ఉండే మెట్టనేలల్లో పుట్టల మీద పోడాక్సిస్ అనే ఇంకొకటి లేస్తుంది. నిలువుగా, పొలుసులతో, టోపీ ఎప్పటికీ గొడుగులా విచ్చుకోదు. ముదిరాక లోపలంతా నల్లటి పొడి అవుతుంది. "పుట్ట మీదిదే కదా" అనే ధీమా ఎందుకు చాలదో దీన్ని చూస్తే అర్థమవుతుంది.

పచ్చికలో, పార్కుల్లో, బడి మైదానాల్లో, వానకాలం జానెడు వెడల్పు తెల్ల టోపీలు, మధ్యలో గోధుమరంగు పొలుసులు, కాడకు కదిలే ఉంగరం. చూడటానికి ఎంతో బాగుంటుంది. అది క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ కావచ్చు. లేతగా ఉన్నప్పుడు మొప్పలు తెల్లగానే ఉంటాయి, ముదిరితేనే ఆకుపచ్చ తిరుగుతాయి. ముద్ర మాత్రం ఆకుపచ్చ. తిన్న గంట నుంచి మూడు గంటల్లో తీవ్రమైన వాంతులు, విరేచనాలు. ఊళ్లో తినే పుట్టగొడుగులనుకుని పట్నం పచ్చికలోంచి దీన్ని ఏరుకునేవాళ్లున్నారు. పిల్లలు ఆడుకునేచోట మొలిస్తే పీకి పారేయండి.

పెంటకుప్పల దగ్గర లేచి, ఒక్కరోజులో నల్లటి సిరాగా కరిగిపోయేవి సిరా పుట్టగొడుగులు. వాటిలో కొన్నిటికి కోప్రిన్ అనే పదార్థం ఉంటుంది. మామూలుగా తింటే ఏమీ కాకపోవచ్చు, దాని మీద కల్లుగానీ మందుగానీ తాగితే మొహం ఎర్రబారి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. తిన్న రెండు మూడు రోజుల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. వానకాలంలో కల్లు, పుట్టగొడుగు కూర రెండూ ఒకే మంచం దగ్గర కలిసే మన ఊళ్లలో ఇది తెలిసి ఉండటం అవసరం.

మొద్దుల మీద విసనకర్రలా లేచే గట్టివి, చెక్కలా ఉండేవి గుర్తుపట్టడం తేలిక, వాటి గురించి ఇక్కడ ఆగను. చిన్న గోధుమరంగువాటి దగ్గర మాత్రం ఆగాలి. లెపియోటా జాతిలో రూపాయి బిళ్లంత టోపీ మీద పొలుసులతో తోటల్లో, ఆకుచెత్తలో లేచేవి ఉన్నాయి. వాటిలో కొన్నిటికి అమానిటాల్లో ఉండే ప్రాణాంతక విషమే ఉంటుంది. ముద్ర తెలుపు, ఉంగరం ఉండొచ్చు, ఉండకపోవచ్చు, అడుగున సంచి ఉండదు. అంటే "సంచి లేదు కాబట్టి భయం లేదు" అనే లెక్క కూడా చెల్లదు. చిన్న గోధుమరంగు పుట్టగొడుగుల్ని సూక్ష్మదర్శిని లేకుండా తేల్చడం నిపుణులకే కష్టం. మీ పుస్తకంలో "చిన్నది, గోధుమ, తెలియదు" అని రాసి వదిలేయండి. అది ఓటమేమీ కాదు, సరైన జవాబు.

ఎవరిని అడగాలి

మీరు పోయిన అడవి పక్క ఊళ్లో పెద్దవాళ్లను ముందు అడగండి. ములుగు, భూపాలపల్లి వైపు కోయవాళ్లకు, ఆదిలాబాద్ వైపు గోండులకు తమ అడవి గురించి ఉన్న తెలివి ఏ యాప్‌కూ లేదు. అడిగే తీరు ముఖ్యం. "ఇది తినొచ్చా అవ్వా?" అంటే "తింటం బిడ్డా" అనేస్తుంది. "ఇది యాడ లేస్తది, ఏ కార్తెల లేస్తది, దీన్ని పోలింది ఇంకోటి ఉంటదా అవ్వా?" అని అడగండి. అప్పుడు ఆమె మీ చేతిలోంచి తీసుకుని, తిప్పి, మొదలు చూసి, వాసన చూసి మాట్లాడుతుంది. ఆ చూపే మీరు నేర్చుకోవాల్సింది. ఆమెకు తెలిసింది ఆ అడవికి మాత్రమే వర్తిస్తుందన్న సంగతి మాత్రం మరవకండి.

తర్వాత కాకతీయ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగం, వరంగల్‌లోని వ్యవసాయ పరిశోధనా స్థానం. పుట్టగొడుగుల మీదనే పనిచేసే జాతీయ సంస్థ హిమాచల్‌ప్రదేశ్‌లోని సోలన్‌లో ఉంది. ఎవరి దగ్గరికి పోయినా మీ రాతలు, నాలుగు వైపుల ఫొటోలు, ముద్ర పడిన కాగితం, మొదలుతో సహా ఎండబెట్టిన నమూనా వెంట ఉండాలి. ఎండబెట్టడానికి నిలువునా రెండుగా కోసి ఫ్యాను గాలికి పెడితే చాలు, పొయ్యి మీద కాల్చొద్దు.

ఐనాచురలిస్ట్, గూగుల్ లెన్స్ లాంటి ఫోన్ యాప్‌లు వాడండి, కానీ పేర్ల జాబితా తెచ్చుకోవడానికి మాత్రమే. అవి మట్టి కింది మొదలును చూడలేవు, ముద్ర తీయలేవు. అవి చెప్పిన పేరును మీ రాతలతో సరిపోల్చి కొట్టివేయడానికి వాడుకోండి.

ఎవరైనా తినేసి ఉంటే

ఎంతసేపటికి బాధ మొదలైందో గడియారం చూసి రాసుకోండి. డాక్టరుకు అన్నిటికంటే పనికొచ్చే మాట అదే. గంట రెండు గంటల్లో వాంతులు మొదలైతే ఎక్కువగా కడుపును పట్టే విషాలు. ఆరు గంటలు దాటి, రాత్రి తిని తెల్లారి మొదలైతే అమాటాక్సిన్ అనుమానించాలి. దాని తీరు చాలా కుటిలం. ఒక రోజు వాంతులు, విరేచనాలు, తర్వాత తగ్గినట్టే ఉంటుంది, మనిషి లేచి తిరుగుతాడు, "తగ్గింది" అని ఇంటికి తీసుకొస్తారు. ఆ వేళకు లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది, మూడో నాలుగో రోజు అది బయటపడుతుంది. కాబట్టి తగ్గిందని ఆసుపత్రి విడిచి రాకండి. రెండు మూడు రకాలు కలిపి వండి ఉంటే తొందరగా వాంతులయ్యాయి కాబట్టి భయం లేదని కూడా అనుకోవద్దు.

ఉప్పునీళ్లు తాగించి కక్కించడం, పసర్లు పోయడం వద్దు. 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 ఉచిత నంబరు, అక్కడ డాక్టరుకూ సలహా ఇస్తారు. వరంగల్ చుట్టుపక్కలైతే ఎంజీఎం దవాఖానకు తీసుకెళ్లండి. మిగిలిన కూర, పారేసిన కాడలు, తొక్కలు, చెత్తబుట్టలో ఉన్నా సరే ఏరి కాగితంలో చుట్టి తీసుకెళ్లండి. ఏరిన చోటు ఎవరికైనా తెలిస్తే అక్కడి నుంచి ఇంకొకటి మొదలుతో తవ్వి తెప్పించండి. ఆ కూర తిన్నవాళ్లందరినీ, ఒంట్లో ఏమీ లేకపోయినా, పిల్లల్ని ముందు, అదే బండిలో ఎక్కించండి.